చెరకు ఆకులకు శిక్ష వేసిన నక్క

ఏటి ఒడ్డున ఎలుగుబంటి అప్పలస్వామికి వెచ్చటి గుహ ఒకటి, దాని ముందు పెద్ద చెరకు దుబ్బు ఒకటి ఉన్నాయి. నక్క నాంచారయ్యది ఆ గుహలోనే కాపురం. షరతు ఒక్కటే. దుబ్బుకు కాపలా కాయాలి. మాఘంలో ఎలుగు వచ్చి కొరికితే గడ తియ్యగా ఉండాలి. లేదంటే గుహ ఖాళీ.

పుష్యం రాగానే నక్క ఓ గడ విరిచి రుచి చూసింది. మొదలు తియ్యగానే ఉంది. పైకి పోయేకొద్దీ చప్పన. ఆకుల దగ్గర ఉత్త నీళ్లు.

"దొరికారు దొంగలు! తీపంతా ఈ ఆకులే తాగేస్తున్నాయి!" అని గంతేసింది.

పక్కనే నెమరేస్తున్న ముసలి ఎద్దు గంగన్న తల తిప్పింది. "తొందరపడకురా నాంచారయ్యా. ఎండ పొయ్యి మీద గాలీ నీళ్లూ కలిపి చక్కెర వండేది ఆకులే. వండింది కిందికి దింపుతాయి. బీట్‌రూట్ అయితే దుంపలో దాచుకుంటుంది, చెరకు గడలో దాచుకుంటుంది. పెరగాలన్నా, చిగురేయాలన్నా దానికి తిండి అదే. కింది కణుపులు ముందు నిండుతాయి. పైవాటికి ఇంకో నెల పడుతుంది."

"వండేచోట చప్పన, దాచేచోట తీపా? ఎవరి చెవిలో పెడతావు మావా పువ్వు? గానుగ చుట్టూ తిరిగీ తిరిగీ నీ బుర్ర కూడా తిరిగింది."

అప్పుడే మేక చిట్టెమ్మ అటు వచ్చింది. పచ్చటి ఆకుల వంక చూసి గుటక మింగింది.

"నీ బుర్రే బుర్ర మరిదీ! ఈ ఆకుల వాలకం బాగాలేదని నేనెప్పుడో అనుకున్నాను."

"విన్నావా మావా? వదినకున్నపాటి తెలివి నీకు లేదు. ఇప్పుడేం చేద్దాం వదినా?"

"నువ్వు ఊఁ అను, నేను పీకేస్తాను. పళ్లు నొప్పి పుడతాయి. అయినా నీకోసం కాకపోతే ఎవరికోసం?"

"ఒక్క పచ్చాకు మిగల్చకు!"

మూడు రోజులు చిట్టెమ్మ వంచిన తల ఎత్తలేదు. అందని గడలను నక్కే వంచి పట్టుకుంది. "అదిగో, ఆ మూల ఇంకో దొంగ!" అని చూపించింది కూడా.

ఆకుల్లేక దుబ్బులో కొత్త వంట ఆగిపోయింది. పాపం, దాచుకున్న తీపినే తీసి వాడుకుంటూ చిగుళ్లు వేసింది. నక్క వాటినీ మేకకే అప్పగించింది. దుబ్బు మళ్లీ వేసింది. చిట్టెమ్మ మళ్లీ వచ్చింది.

మాఘంలో అప్పలస్వామి వచ్చి, గడను మొదలు దగ్గర విరిచి నమిలి, తుపుక్కున ఉమ్మింది.

"ఏమిట్రా ఇది? చీపురుపుల్లకైనా ఇంతకన్నా రుచి ఉంటుంది!"

"దొంగలను పట్టి శిక్షించాను బాబూ..."

"ఎవర్రా దొంగలు?"

నక్క మోడుగడలను చూపించింది. ఎద్దు నెమరు ఆపి, కళ్లు మూసుకుంది. ఎలుగు తన్నిన ఒక్క తన్నుకి నాంచారయ్య వెళ్లి ఏటి ఇసుకలో పడింది.

"వదినా! నువ్వయినా చెప్పు! ఆకులే దొంగలని నువ్వూ అన్నావుగా!"

చిట్టెమ్మ తీరిగ్గా తేన్చింది. "నేనెక్కడన్నాను మరిదీ? వాలకం బాగాలేదన్నానంతే. రుచి మాత్రం బ్రహ్మాండం."

అందుకని పిల్లలూ, మన మాటకల్లా తల ఊపేవాళ్లు ఏం నములుతున్నారో ముందు చూసుకోవాలి.