మిగిలిన చిలుక

పూర్వకాలంలో, సముద్రాలకు ఇవతల, కనకగిరిని ఏలే రాజొకడుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిమివాడు జయసేనుడు. ఇద్దరికీ ఎక్కాలు కంఠస్థం. చిన్నవాడు చంద్రకేతుడు మాత్రం గింజలు పేర్చి, ఇసుకలో గీతలు గీసి, కంటితో చూసుకున్నాకనే జవాబు చెప్పేవాడు.

"తొందరగా చెప్పరా తమ్ముడూ, గడ్డాలు నెరిసిపోతున్నాయి!" అని అన్నలు నవ్వేవారు.

ఏడు సముద్రాలకు అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాజకుమార్తెను బంధించాడు. ఆమెను విడిపించబోయిన రణధీరుడు తిరిగి రాలేదు. అతణ్ణి వెతకబోయిన జయసేనుడూ రాలేదు. అప్పుడు చంద్రకేతుడు బయలుదేరాడు.

ఏడో సముద్రం దాటి, ఒడ్డున కూర్చుని అటుకుల మూట విప్పాడు. ఒక చీమ, ఒక ఉడుత, ఒక కప్ప వచ్చి, "ఆకలయ్యా" అన్నాయి. చంద్రకేతుడు నాలుగు ఆకులు పరిచి, పంక్తిలో వడ్డించినట్టు ఆకుకొక పిడికెడు, మళ్ళీ ఆకుకొక పిడికెడు, మూట ఖాళీ అయ్యేదాకా వడ్డించాడు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు.

"నీ చెయ్యి ధర్మం తెలిసినది. నీ వెంట వస్తాం" అన్నాయవి.

మాంత్రికుడి కోట గుమ్మంలో రెండు శిలలు నిలబడి ఉన్నాయి. వాటివి అన్నల ముఖాలే. పెద్దన్న చెయ్యి దేన్నో కుక్కుతున్నట్టు ముందుకు చాచి ఉంది. చిన్నన్న చంకలో ఒక రాతి పంజరం ఉంది.

"రావోయి మూడోవాడా!" అన్నాడు ధూమ్రకేశుడు. "మూడు పంపకాలు చెయ్యి. ఒక్కటి తప్పినా, ఆ గిన్నె నీటిలో మునిగేలోగా ముగించకపోయినా, నువ్వూ శిలవే."

పక్కన బందీగా నిలబడ్డ హేమలేఖ, అడుగున చిల్లి ఉన్న రాగిగిన్నెను నీటి తొట్టిలో వదిలింది.

"పదిహేను పళ్ళు, ముగ్గురు రాక్షసులు. తేడా వస్తే వాళ్ళు నిన్నే పంచుకుంటారు" అన్నాడు మాంత్రికుడు.

చంద్రకేతుడు ఇసుకలో మూడు సున్నాలు గీశాడు. చీమ చెప్పినట్టు సున్నాకొక పండు, మళ్ళీ సున్నాకొక పండు ఉంచుతూ వచ్చాడు. చేతిలో పళ్ళు అయిపోయాయి. ప్రతి సున్నాలోనూ ఐదు. రాక్షసులు మూతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మళ్ళీ గిన్నె వదిలారు.

"ఇరవై నాలుగు దీపాలు. వరుసకు ఆరు. వరుసలెన్ని?"

"నా వీపు చూడు" అంది ఉడుత. దాని చారల్లాగే, ఒకదాని కింద ఒకటిగా, చంద్రకేతుడు ఆరేసి దీపాలు పేర్చాడు. నాలుగు వరుసలు నిండాయి. మాంత్రికుడి నవ్వు సన్నగిల్లింది.

మూడోసారి గిన్నె వదులుతూ హేమలేఖ గుసగుసలాడింది. "వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. అది ఎవరి చేతికీ తేలిగ్గా చిక్కదు. ఏదో నాకు తెలియదు."

"ఇరవై తొమ్మిది చిలుకలు. పంజరానికి నాలుగు. ఒకటి ఎక్కువా పనికిరాదు, ఒకటి తక్కువా పనికిరాదు. లెక్క తేల్చు!" అని గర్జించాడు మాంత్రికుడు.

గిన్నెలోకి నీరు ఊరుతోంది. చంద్రకేతుడు చిలుకకొక గీత చొప్పున వరుసగా గీతలు గీశాడు. చివరి గీత నుంచి కప్ప నాలుగేసి గీతలు వెనక్కి గెంతింది. కప్ప గెంతినప్పుడల్లా అతడు చేతికందిన నాలుగు చిలుకలను పట్టి ఒక పంజరంలో పెట్టి మూశాడు. ఏడు గెంతులు, ఏడు పంజరాలు అయ్యాయి. కప్ప ఆగిపోయింది.

"ఇంక గెంతలేను. ఇక్కడ ఒక్క గీతే ఉంది."

ఒక్క చిలుక మాత్రం పట్టుబడకుండా దూలం మీద రెక్కలు కొట్టుకుంటోంది.

"పిచ్చివాడా, దాన్ని ఏదో ఒక పంజరంలో కుక్కెయ్!" అన్నాడు మాంత్రికుడు. "ఎవరు చూస్తారు?"

గిన్నె అంచుకు నీరు చేరింది. చంద్రకేతుడికి గుమ్మంలోని రాతి చెయ్యీ, రాతి పంజరమూ గుర్తుకొచ్చాయి. పెద్దన్న మిగిలినదాన్ని నిండిన పంజరంలో కుక్కాడు. చిన్నన్న దానికోసం ఎనిమిదో పంజరం తెచ్చాడు. మిగలడం తప్పనుకున్నారిద్దరూ.

అతడు ఎగిరి ఆ చిలుకను పట్టుకున్నాడు.

"పంజరాలు ఏడు. మిగిలింది ఒకటి. దాన్ని దాచను."

గిన్నె బుడుంగున మునిగింది. చంద్రకేతుడు శిల కాలేదు. మాంత్రికుడే గొంతు పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు.

"బాబ్బాబు, దాన్ని వదిలెయ్!"

"ముందు మా అన్నలను లేపు."

శిలలు కదిలి మనుషులయ్యాయి. అదే క్షణంలో ధూమ్రకేశుడు మంత్రదండం ఎత్తాడు. చంద్రకేతుడు చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు బూడిదకుప్ప అయ్యాడు.

కనకగిరిలో చంద్రకేతుడికీ హేమలేఖకూ వైభవంగా పెళ్ళి జరిగింది. విందులో అన్ని ఆకులకూ సమంగా లడ్లు వడ్డించాక ఒక్క లడ్డు మిగిలింది. రణధీరుడు దాన్ని తన ఆకులోకి జరపబోయి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తమ్ముడూ, ఒకటి మిగిలింది" అన్నాడు మెల్లగా.

చంద్రకేతుడు నవ్వి మూడు చిన్న ఆకులు పరిచాడు. లడ్డు చిదిపి చీమకు, ఉడుతకు, కప్పకు సమంగా పంచాడు. అతడు చిరకాలం రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో నేటికీ వడ్డించేవాడు మిగిలిందేమిటో అందరికీ చూపించిగాని పంక్తి విడిచి వెళ్ళడు.