దళవాయి గారి ఇసుక చెప్పులు

పూర్వం ఒక కొండకోటలో వైద్యుడు రోజూ పొద్దున్నే నాడి చూసి మందిచ్చేవాడు. నగారా మీద నూరు దెబ్బలు పడేలోపు మెట్లెక్కి రావాలి, లేకపోతే తలుపు మూసేస్తారు. ఆ లెక్క కట్టింది కోట సేనాపతి, దళవాయి వీరప్ప. కండలు తిరిగిన మనిషి. తానే పరుగెత్తి చూసుకుని, "నూరు చాలు, రాలేనివాళ్ళు సోమరులు" అని తేల్చేశాడు.

చెప్పులు కుట్టే మాదన్న తల్లి ముత్తమ్మ ముసలిది, మెట్లు మెల్లగా ఎక్కుతుంది; ఆమెకు మూడు రోజులుగా మందు అందలేదు. కొడుకు ఎత్తుకుంటానంటే సిగ్గుపడి ఒప్పుకోదు.

నాలుగోనాడు మాదన్న మందపాటి చెప్పుల జత తెచ్చాడు. "దొరా, ఇవి తొడుక్కుని ఒక్కసారి ఎక్కండి. వేళకి చేరితే ఇంక నోరెత్తను."

"ఓస్, ఇంతేనా!" అని బయల్దేరాడు దళవాయి. ఇంకా సగం మెట్లుండగానే పైన తలుపు మూసుకుంది.

"ఇందులో ఏం పెట్టావురా?" అన్నాడు రొప్పుతూ.

"ఇసుక, దొరా. అమ్మ పక్కన నడుస్తూ గుప్పెడు గుప్పెడు పోసుకున్నాను. నా నడక ఆమె నడకతో కలవగానే ఆపి కుట్టేశాను."

మర్నాడు దళవాయి కొత్త గడువు కట్టడానికి ఆ చెప్పులతోనే ఎక్కుతూ దెబ్బలు మళ్ళీ లెక్కపెట్టించాడు. పక్కనే ఎక్కుతున్న ముత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా నాయనా, తలుపు ఎక్కడికీ పోదులే."