నదికి తెలియకుండా మార్చిన డప్పు

నది ఒడ్డున ఒక ఊరు. నీళ్లు ఎంత పెరిగాయో కొండ మీది డప్పు చెబుతుంది. కొండ వాలున కూర్చున్న ముసలి డప్పువాడు అది విని కిందికి వినిపిస్తాడు. కింద లాకు మనుషులు ఎన్ని దెబ్బలు వింటే అన్ని మూరలు తలుపు ఎత్తుతారు.

ముసలివాడికి చెవులు మందగించాయి. మూడు దెబ్బలు పడితే రెండే కొడుతున్నాడు. మొన్న తలుపు చాలినంత లేవక నీళ్లు వెనక్కి తన్ని, కుమ్మరివీధిలో పచ్చికుండలన్నీ మళ్లీ మట్టయిపోయాయి.

రాజు లాకుల కాపరిని పిలిచాడు. తలుపు మళ్లీ మళ్లీ చూసుకుంటే గానీ అన్నం ముట్టని మనిషి ఆమె.

"ముసలాణ్ని దింపు, కొత్తవాళ్లను కూర్చోబెట్టు. దానికింత ఆలోచనెందుకు?"

"మారుస్తున్నట్టు నదికి తెలియకూడదు ప్రభూ."

ఆ వేళ నది నిండుగా ఉంది. ఈసారి లెక్క తప్పితే పోయేవి కుండలు కావు, ఇళ్లు. కాపరి లాకు తలుపుకు తాడు కట్టి, గిలక మీదుగా కొసను వాలు దాకా తెచ్చుకుంది. కొండ డప్పు తనే విని, తలుపు తనే లాగుతోంది. "నేను చెయ్యి ఊపేదాకా వాలు డప్పు మాట వినకండి" అని లాకు మనుషులకు మరీ మరీ చెప్పింది.

కొత్తగా వచ్చింది పొరుగూరి పిల్ల. "అత్తా, నా దరువు వింటే నది నిలబడి చూస్తుంది!"

"అంత పని చెయ్యకే తల్లీ. అది నిలబడితే మనం మునుగుతాం."

మోత కిందికి పోకుండా కాపరి ఆ పిల్ల డప్పు మీద దుప్పటి కప్పి ముసలివాడి పక్కన కూర్చోబెట్టింది. పిల్ల అతని చేతులే చూస్తూ అచ్చం అలాగే వాయించింది. చెవి ఒగ్గిన కాపరి ఉలిక్కిపడింది.

"మూడో దెబ్బ ఏదే?"

"తాత కొట్టలేదుగా!"

"నేనా? నేనెప్పుడు మింగాను?" ముసలివాడు ఉరిమాడు.

"కుమ్మరివీధిలో అడుగు మావా, చెబుతారు." కాపరి పిల్ల మొహం కొండ వైపు తిప్పింది. "తాత చేతులు చూడకు. కొండను విను."

పిల్ల కళ్లు మూసుకుంది. మూడు పడితే మూడు, నాలుగు పడితే నాలుగు. అయినా కాపరి ఎండ వాలేదాకా ఒప్పుకోలేదు. అప్పుడు, రెండు దరువుల మధ్య సందులో, ముసలివాడు డప్పు మీంచి చేతులు తీసేశాడు. ఆ సందులోనే ఆమె దుప్పటి లాగి, లాకు మనుషులకు చెయ్యి ఊపింది.

రాజు రొప్పుతూ వాలెక్కి వచ్చాడు. "ఇంకెప్పుడు మారుస్తావు?"

"మార్చేశాను ప్రభూ."

"మరి ఆ తాడెందుకు పట్టుకున్నావు?"

కాపరి చూసుకుంది. తాడులో బిగువే లేదు. కొస చేతిలో ఉంది గానీ, మిగతాది గడ్డిలో మెలికలు తిరిగి పడుంది. కింద లాకు మనుషులు పిల్ల దరువుకే తలుపు ఎత్తుతున్నారు, దించుతున్నారు.

వెనక నవ్వులు వినిపించాయి. ముసలివాడు చిందేస్తున్నాడు. ఇన్నేళ్లూ దరువు వేసిన చేతులకు ఆడే తీరిక ఇవాళే దొరికింది.

"రా అమ్మాయ్! ఒంటిచేత్తో ఆడలేవు, ఆ తాడు కింద పెట్టు!"

"ఉండు మావా, ఇంకొక్క దరువు విని వస్తా."

విన్నది. తప్పలేదు. ఎందుకైనా మంచిదని ఇంకొకటి విన్నది. ఆ తర్వాతి దరువు ఆమె కాళ్లలో మోగింది.