విడిచిపెట్టనన్న మాట

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం ఒడ్డున, దీనమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకునేది. వాళ్ళాయన ఏలీయా పడవలో వేటకెళ్ళేవాడు. పిల్లల్లేరు.

దీనమ్మకు చదువు రాదు. అందుకని రోజూ పొద్దు వాలగానే ఏలీయా బైబిలు తెరిచి చదివేవాడు. ఆవిడ పొలుసు అంటిన చేతులతోనే పక్కన కూర్చుని వినేది. నిన్ను ఎన్నడూ విడిచిపెట్టనని దేవుడిచ్చిన మాట ఉందే, అది వస్తే మళ్ళీ చదవమనేది. "ఇది మనలాంటోళ్ళ కోసమే రాయించాడయ్యా" అనేది. ఆ మాట విన్నాక ఆవిడకు సముద్రమంటే భయం పోయింది.

అప్పుడు ఒక ఏడు, చలికాలం మొదట్లో, ఏలీయా తన నేస్తం పోలయ్యతో వేటకెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పడవ మాత్రం తిరిగి రాలేదు.

మొదటి రోజు తెడ్డు కొట్టుకొచ్చింది. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. దీనమ్మ ఏడవలేదు. "దేవుడు మాటిచ్చాడు, మా ఆయన వస్తాడు" అని, మొగుడికి ఇష్టమని చింతకాయ వేసి చేపల పులుసు పెట్టింది.

రెండో రోజు పోలయ్యను పక్క ఊరి పడవవాళ్ళు తెచ్చారు. ప్రాణం ఉంది గానీ ఒళ్ళు తెలీని జ్వరం. "చూశారా!" అంది దీనమ్మ అందరితో. పులుసు మళ్ళీ వేడి చేసింది.

మూడో రోజు ఏలీయా వచ్చాడు. అలలే తెచ్చి ఇసుకలో పడుకోబెట్టి పోయాయి.

ఆ తర్వాత, మట్టి చేసి వచ్చాక, దీనమ్మ బైబిలు తీసుకుని పాస్టరుగారింటికి వెళ్ళింది.

"ఆ మాట చూపించండయ్యా. విడిచిపెట్టననేనా ఉంది? చావనివ్వనని లేదా?"

"లేదమ్మా" అని ఆయన తల దించుకున్నారు.

దీనమ్మ బైబిలు అక్కడే వదిలేసి వచ్చేసింది.

జ్వరం తగ్గాక పోలయ్య వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "వదినా, పడవ పగిలాక ఇద్దరం ఒకే చెక్క పట్టుకున్నాం. 'భయపడకురా, ఉన్నాడు, మన పక్కనే ఉన్నాడు' అని అన్న చెబుతూనే ఉన్నాడు. అలా అంటూనే అన్న చేతులు జారిపోయాయి."

"పక్కనే ఉన్నవాడు ఆ చెయ్యి పట్టుకోవచ్చు కదా?" అంది దీనమ్మ.

పోలయ్య లేచి వెళ్ళిపోయాడు. అది నన్నడక్కు బంగారూ, నాకూ తెలీదు.

దీనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆదివారం ఆదివారం గుడికెళ్ళేది గానీ పాటలో గొంతు కలిపేది కాదు, ఆమెన్ అనేది కాదు. ఒడ్డున ఒక్కతే చేపలు ఎండబెడుతూ, నోటికొచ్చినట్టు తిడుతుండేది.

ఒకరోజు పాస్టరమ్మగారు అటు వచ్చి విన్నారు. "ఎవరిని దీనమ్మా, అన్నేసి మాటలంటున్నావు? సముద్రాన్నా?"

"సముద్రంతో నాకేం పనమ్మగారూ? అది నాకు మాటివ్వలేదుగా. ఆయన్నే అంటున్నా. విడిచిపెట్టనన్నాడుగా, ఎక్కడికి పోతాడు? కూర్చుని విననీ" అని దీనమ్మ ఇంకో చేప తిరగేసింది.

కథేమో కంచి దారి పట్టింది,
నీ కంటికేమో కునుకు పట్టింది.