లేవకుండా చాప తీయడం

తప్పు ఎక్కడుందో హిమబిందుకు పంతొమ్మిది రోజులుగా దొరకలేదు. దొరక్కపోతే ఎట్లా అని ఒక భయం, దొరికితే ఎట్లా అని ఇంకో భయం. రెండూ కలిసి తిండీ నిద్రా లేకుండా చేశాయి. ఆ పొద్దున ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని నంద్యాల బస్సెక్కింది, దస్తగిరి సార్ దగ్గరికి.

సార్ కాలేజీలో పాఠాలు మానేసి ఆరేళ్లయింది. కంప్యూటర్ లోపల అన్నిటినీ నడిపించే కెర్నెల్ గురించి నేర్చుకుంటామని ఎవరొచ్చినా, మేడమీద గదిలో ఈత చాప పరిచి కూర్చోబెడతారు. మొద్దు ప్రశ్న అడిగినవాళ్లకు టీ రాదని పేరు.

హిమబిందు చాప మీద కూర్చుంది. ల్యాప్‌టాప్ తీసి ముందు పెట్టి, జరిగినది చెప్పింది.

ఆస్పత్రి మంచాల పక్కన పెట్టే గుండె మానిటర్‌కు కెర్నెల్ రాసింది ఆమే. ఒక ఆస్పత్రిలో తొమ్మిదో మంచం దగ్గర అది బిగుసుకుపోయింది. ఆరిపోయి ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఆరలేదు. నాడి డెబ్బై ఎనిమిది అని చూపిస్తూ అలాగే ఉండిపోయింది. నర్సు రెండుసార్లు చూసి, బాగుందనుకుని వెళ్లింది. మంచం మీది మనిషి పేరు లింగమ్మ, యాభై రెండేళ్లు. ఆ అంకె వెలుగుతుండగానే ఆమె ప్రాణం పోయింది.

"మిషన్లన్నీ వెనక్కి తెప్పించినారు సార్. ఆమె ఎట్లైనా పోయేదే అంటున్నారు ఆఫీసులో. నాకు తెలియాల. అది నా వల్లనేనా?"

సార్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆమె రాసిన కోడ్ చదవసాగారు.

కెర్నెల్ కంప్యూటర్ జ్ఞాపకాన్ని పేజీలుగా పంచుతుంది. ప్రతి ప్రోగ్రాముకూ తన పేజీలన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి గానీ నిజానికి అన్నీ ఉండవు. లేనిదాన్ని ముట్టుకుంటే కెర్నెల్ పరుగున పోయి డిస్కులోంచి తెచ్చి పెట్టాలి. ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి దిద్దితే చెడుతుంది కాబట్టి తాళం పెడతారు. తాళం దొరికినవాడే దిద్దాలి, తక్కినవాళ్లు ఆగాలి.

మిషన్ బిగుసుకుందంటే తాళం లేకుండా ఎవరో పేజీ ముట్టుకున్నారని హిమబిందు అనుకుంది. ఒక తాళం చేర్చింది. మళ్లీ బిగుసుకుంది. ఇంకొకటి చేర్చింది. అట్లా ఇప్పటికి పద్నాలుగయ్యాయి. దొంగ ఇంట్లోనే ఉంటే వీధి తలుపుకు ఎన్ని గడియలు వేసి ఏం లాభం? రోజుకొకసారి బిగుసుకునేది కాస్తా గంటకొకసారి బిగుసుకుంటోంది.

"నాకీ పని రాదు సార్. ఇంక చేయను. ఆ మాట మీతో చెప్పిపోదామనే వచ్చినా."

సార్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. "సరే. పోయే ముందు ఆ చాప ఇట్ల ఇయ్యి. ఎండలో ఆరేయాల."

హిమబిందు చాప అంచు పట్టుకుని లాగింది. రాలేదు. మనసు మనసులో లేదు పాపం, కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి రెండు చేతులతో గట్టిగా లాగింది. అంచు దగ్గర ఈతాకు పటుక్కున తెగింది.

"రాలేదా?"

"రావడం లేదు సార్."

"ఎవురు పట్టుకోనుండారు?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేనే," అంది.

ఆ తర్వాత ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి తీసుకుని తర్వాత చేర్చిన తాళాలన్నీ పక్కన పెట్టి, మొదట రాసినదాన్నే చదివింది. అక్కడే ఉంది. తాళం చేతిలో ఉండగానే ఆమె రాసిన కోడ్ ఇంకో పేజీని ముట్టుకుంటోంది. ఆ పేజీ దాదాపు ఎప్పుడూ జ్ఞాపకంలోనే ఉంటుంది. పరీక్షించిన ప్రతిసారీ ఉంది. లేని రోజున దాన్ని తెచ్చి పెట్టబోయే కెర్నెల్ ముందుగా అడిగేది ఆ తాళాన్నే. తాళం కోసం ఆగినదీ, తాళం పట్టుకుని పేజీ కోసం ఆగినదీ ఒక్కటే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆమె పంతొమ్మిది రోజులూ ఆ తప్పు చేసినదెవరా అని వెతికింది.

తాళం వదలాలి, పేజీ తెచ్చుకోవాలి, మళ్లీ తాళం తీసుకుని మళ్లీ చూసుకోవాలి. అందుకు రెండు లైన్లు కిందికి జరిపితే చాలు.

"రెండు లైన్లు సార్," అంది హిమబిందు. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇన్నాళ్లూ కాదేమో అని ఒక ఆశ ఉండేది. ఇప్పుడదీ లేదు. "నాదే సార్. నేనే."

సార్ కాదనలేదు, ఊరడించనూ లేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టారు. నీళ్లు అట్లాగే ఉండిపోయాయి.

ఆమె గ్లాసు పక్కకు జరిపి అడిగింది. "మీకెప్పుడైనా ఇట్ల అయిందా సార్?"

"బాయిలర్లకు ప్రోగ్రాములు రాసే రోజుల్లో," అన్నారు దస్తగిరి సార్. "ఇద్దరు పోయినారు. ఒకాయన పేరు సుంకన్న. ఇంకొకాయనది ఓబులేసు."

ఆమె తలెత్తి చూసింది. సార్ వచ్చి చాప మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నారు.

"మిగతాది కూడా చదువమ్మా. ఇట్లాంటిది ఇంకొకటి ఉండే ఉంటాది."