బిరుదులు చదివితేనే మందు

దగ్గుతూ వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి, నీ గొప్ప వినిపించుకున్నాక గానీ లోపలికి రానివ్వని పెద్దమనిషీ, ఈ కథ నీకే. తల దించుకుని విను.

వెనకటికి సముద్రం ఒడ్డున కుందవరం అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గజకేతుడికి పొగడ్త అంటే ప్రాణం. కోటలో చలువరాతి వైద్యశాల కట్టించాడు. మందు ఉచితమే. కానీ రోగి గుమ్మం ముందు నిలబడి, రాజుగారి బిరుదులన్నీ తన నోటితోనే తప్పు లేకుండా చదవాలి. ఒకరి బదులు ఇంకొకరు చదవకూడదు. వైద్యుడు గుమ్మం దాటి బయటికి రాకూడదు.

ఒకనాడు రాజు వెళ్లి చూస్తే మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి. సభలో మీసం దువ్వుకుంటూ, తన రాజ్యంలో రోగమన్నదే లేదని చాటాడు. అందరూ తలలూపారు. విదూషకుడు తిప్పన్న ఒక్కడే ఊపలేదు.

"నీకేమిటోయ్ అనుమానం?" అన్నాడు రాజు.

"ఏలినవారు మారువేషంలో రోగిలా వెళ్లి మందు తాగి వస్తే తీరిపోయే అనుమానమే ప్రభూ."

జనం తనని పొగడటం చాటుగా వినచ్చని రాజు సంబరపడ్డాడు. ఏ రోజు వెళ్లాలో తిప్పన్ననే చెప్పమన్నాడు. తిప్పన్న తొందరపడలేదు. రాజుగారి పంటి చిగురు వాచి, బుగ్గ బూరెలా పొంగేదాకా ఆగాడు. అప్పుడు గొంగళి కప్పి, గుమ్మం దగ్గరికి తీసుకుపోయాడు.

కాపలా బంటు బిరుదులు చదవమన్నాడు. రాజు నోరు తెరిస్తే మూలుగు తప్ప మాట రాలేదు. తన బదులు చదవమని తిప్పన్నకి సైగ చేశాడు. కుదరదన్నాడు బంటు, అది రాజాజ్ఞ అన్నాడు. నేనే రాజుని అని గజకేతుడు గొణిగితే, బంటు పగలబడి నవ్వాడు.

"ఇక్కడికొచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి గొణుగుతాడు తాతా. పక్కకి జరుగు."

గోడవారన చేపలపేట నూకాలు కూర్చుని ఉంది. ఒళ్లో చంటిపిల్ల జ్వరంతో కాలిపోతోంది. గొంగళిలో ఉన్న మనిషిని ఎవరో ముసలాయన అనుకుంది. అతని అవస్థ చూసి ఆమెకి జాలేసింది.

"గింజుకోకు నాయనా. ఆ బిరుదులన్నీ నాకు నోటికొచ్చు. నీ బదులు చదివేదాన్నే, ఒప్పుకోరు. దీనికింకా మాటలే రాలేదు. దీని అక్కకి మాటలొచ్చు, ఊపిరి చాలక సగంలో ఆగిపోయింది. మొన్న ఇక్కడే పోయింది."

రాజు గొంగళి తీసి పారేశాడు. వేలి ముద్రుంగరం చూసి బంటు కాళ్ల మీద పడ్డాడు. బంటు చేసిన తప్పేమీ లేదని రాజుకి తెలుసు. పిల్లని తానే ఎత్తుకుని లోపలికి నడిచాడు.

"రోగాలు లేకపోలేదు ప్రభూ. పొగిడే ఓపికున్న రోగులే లేరు," అన్నాడు తిప్పన్న వెనకనించి.

పిల్ల బతికింది. ఏం కావాలో కోరుకోమని రాజు తిప్పన్నని అడిగాడు. ఆ గుమ్మం తలుపులు ఇప్పిస్తే పొయ్యిలో పెట్టుకుంటానన్నాడు తిప్పన్న. రాజు నవ్వాడు, ఇచ్చాడు. ఎదురుగా పిల్లనెత్తుకుని నూకాలు కనబడింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బిరుదులు రద్దయ్యాయి. వైద్యులు పేటలకి నడిచారు. క్షమించమని అడగడానికి రాజు చేపలపేటకి వెళ్లాడు. బతికినంత కాలం వెళుతూనే ఉన్నాడు. వెళ్లినప్పుడల్లా చాప పరిచేవారు, మంచినీళ్లిచ్చేవారు. పొగడ్త కోసమే బతికిన ఆ మనిషిని ఆ పేటలో ఒక్క నోరూ ఏనాడూ పొగడలేదు.