లెక్కల వీధిలో మంగాయి

అనగనగా ఒక ఊళ్ళో ఒక వీధి ఉండేదమ్మా. ఆ వీధిలో మనుషులున్నారు, మగ్గాలున్నాయి, మాటలు మాత్రం లేవు. ఇటు రా, కాళ్ళు ముడుచుకో. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నాకేది? ఆఁ, అలా. ఇప్పుడు చెప్తా.

వాళ్ళు నేతవాళ్ళు. తెల్లారి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే మళ్ళీ పొద్దు గూకాకే లేవడం. నేస్తున్నంతసేపూ పోగులు లెక్కపెట్టుకోవాలి. లెక్క తప్పితే నేసింది విప్పి మళ్ళీ నెయ్యాలి. అందుకని మగ్గం ఆడుతుంటే ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదని ఆ వీధి కట్టుబాటు. మంచినీళ్ళు కావాలన్నా సైగే, ఆకలేసినా సైగే. ఏళ్ళ తరబడి అదే అలవాటై, మగ్గం దిగాక కూడా వాళ్ళకి మాట పెగిలేది కాదు. ఇంత ముద్ద తినేవాళ్ళు, పడుకునేవాళ్ళు.

అలాంటి వీధిలో మంగాయి అని ఒక పిల్ల. నీకంటే రెండేళ్ళు పెద్దదేమో. అమ్మా నాన్నా లేరు పాపం, వీధే పెంచుతోంది. దానికి మాట్లాడకపోతే ఊపిరాడదు. కాకి వాలితే కాకి సంగతి చెప్పాలి, దూడ పుడితే దూడ సంగతి చెప్పాలి. ఎవరికి చెప్తుంది? నోటికి ఎదురుగా ఎవరుంటే వాళ్ళకే. నీలాగేనా అని నన్నడక్కు.

ముందు దాన్ని సాంబయ్య ఇంట్లో ఉంచారు. ఒకరోజు ఆయన నేస్తుంటే పరిగెత్తుకొచ్చి, "బాబాయ్, పెరట్లో పొట్లపాదు పూసింది!" అంది. అంతే, ఆయనకి లెక్క తప్పింది. జానెడు గుడ్డ విప్పుకోవాల్సొచ్చింది. మర్నాడు మంగాయి చాప చుట్టి చేతికిచ్చేశారు.

ఆ తర్వాత నాగభూషణం ఇంటికి పంపారు. ఆయన తాటిచెట్టంత మనిషి. ఆయన భార్య రత్తమ్మ నూలుకి గంజి కాస్తూ, మంగాయి కబుర్లు వింటూ, గరిటె తిప్పడం మర్చిపోయింది. గంజి అడుగంటింది. "వినాలనే ఉందే తల్లీ, నీ దగ్గర కూర్చుంటే నా పని సాగట్లేదే," అని ఆవిడా చాప చేతికిచ్చింది. ఇస్తూ కళ్ళు తుడుచుకుందట. తుడుచుకుని ఏం లాభం?

అప్పుడు మిగిలింది భావన్న. పొట్టి మనిషి, ముసలాయన, ఇంట్లో ఒక్కడే. అంకెలు తప్ప ఆయన నోట ఇంకో మాట విన్నవాళ్ళు లేరు. అరుగు మీద చోటు చూపించి, వేలెత్తి ఒక్కటే అన్నాడు. "నీ మాట వినపడిందంటే, శనివారం బండెక్కి మీ మేనమామ ఊరు పోవాలి."

ఆ మేనమామ దాని మొహం ఎరగడు. ఎక్కడో కొండల అవతల ఉంటాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. అలాంటి చోటికి ఏ పిల్ల వెళ్తుందమ్మా? మంగాయి నోటికి తాళం వేసుకుంది.

దాని పని కండెలు చుట్టడం. మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంటుందే, అందులో పెట్టే నూలు కండెలు. పొద్దున్నే అరుగు మీద రాట్నం తిప్పి చుట్టేది. బుట్టలో పెట్టుకుని మూడిళ్ళకీ ఇచ్చొచ్చేది. ఎవరూ పలకరించరు, అదీ పలకరించదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆ రోజు చూసినవన్నీ పెదాలు కదిపి, గొంతు రాకుండా చెప్పుకునేది. వీధిలో ఇంటింటికీ మనుషులున్నా దానికి మాత్రం ఎవరూ లేరు. ఇది చెప్తుంటే నాకు ఇప్పటికీ ఆ వీధివాళ్ళ మీద ఒళ్ళు మండుతుంది.

అప్పుడు పక్క ఊరివాళ్ళు వచ్చారు. అమ్మవారి జాతరకి పెద్ద చాందినీ కావాలన్నారు. చాందినీ అంటే నెత్తి మీద పందిరిలా కడతారే, ఆ గుడ్డ. అంత వెడల్పు ఒక మగ్గం మీద రాదు. మూడిళ్ళలో మూడు తానులు నేసి, పక్కపక్కన పెట్టి కుట్టాలి. తెల్ల గుడ్డ, మూరకో ఎర్ర చార. ముగ్గురూ తలూపారు, ఎవరింటికి వాళ్ళు పోయి మగ్గం ఎక్కారు.

మూరంటే ఎంత? మోచేతి నుంచి నడివేలి కొస దాకా. ఎవరి మూర? అది మాత్రం ఒకళ్ళనొకళ్ళు అడగలేదు. ఎప్పుడూ ఎవరి చీరలు వాళ్ళు నేసుకునేవాళ్ళేగా, అడిగే అవసరమే రాలేదు. నాగభూషణం తన పొడుగు చెయ్యి పెట్టి కొలిచాడు, సాంబయ్య తన చెయ్యి పెట్టాడు, భావన్న తన పొట్టి చెయ్యి పెట్టాడు.

కండెలు మోసే పిల్లకి తెలియకుండా ఉంటుందా? భావన్న ఇంట్లో ఎర్ర కండెలు ముందే అయిపోతున్నాయి, నాగభూషణం ఇంట్లో మిగిలిపోతున్నాయి. ఇదేమిటా అని నాగభూషణం గుడ్డ మీద చారకీ చారకీ మధ్య తన చెయ్యి ఆనించి చూసింది. చెయ్యి పోగా నాలుగు వేళ్ళ జాగా మిగిలింది. ఇంటికొచ్చి భావన్న గుడ్డ మీద పెట్టింది. రెండు వేళ్ళ జాగానే మిగిలింది. అంటే తానులు పక్కపక్కన పెడితే చారలు కలవవు.

మొదటి రోజు పెదాలు బిగబట్టుకుంది. చెప్తే బండి ఎక్కాలి. రెండో రోజు రత్తమ్మకి సైగ చేసింది. ఆవిడకి అర్థం కాలేదు, ఆకలేమో అనుకుని బెల్లం ముక్క చేతిలో పెట్టింది. మూడో రోజుకి గుడ్డ పది మూరలు అయింది. ఇంకా నేస్తే నూలంతా పాడు, జాతర నాటికి చాందినీ ఉండదు. నువ్వైతే ఏం చేస్తావు? ఊఁ, ఆలోచించు.

భావన్న ఎర్ర పోగులు లెక్కపెడుతున్నాడు. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది.

"తాతా!" అంది మంగాయి.

మగ్గం ఆగింది. భావన్న తలెత్తి చూశాడు. లెక్క పోయింది. అప్పుడది ఒక్క గుక్కలో, "నీ మూర పొట్టిది తాతా, నాగభూషణం బాబాయ్ మూర పొడుగు, చారలు కలవవు, ఒక్కసారి వచ్చి చూడు తాతా, తర్వాత నేను బండెక్కుతాలే," అనేసింది. అని రెండు చేతులతో నోరు మూసుకుంది.

భావన్న మధ్యాహ్నం పూట మగ్గం దిగడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు దిగాడు. నాగభూషణం ఇంటికి వెళ్ళాడు, సాంబయ్య ఇంటికి వెళ్ళాడు. మూడు గుడ్డలూ మగ్గాల మీంచి దింపుకొచ్చి వీధిలో పక్కపక్కన పరిచారు. మొదటి చార దగ్గర రెండు వేళ్ళ తేడా. పదో చార దగ్గరకొచ్చేసరికి దాదాపు మూరెడు తేడా. అందరూ చూస్తూ నిలబడ్డారు.

మళ్ళీ మంగాయే కల్పించుకుంది. ఇంతా అయ్యాక ఇంక భయమెందుకు? సాంబయ్య మనసులోది అడిగి భావన్నకి చెప్పింది, భావన్న గొణిగింది నాగభూషణానికి చెప్పింది. చివరికి ఇద్దరికీ మధ్యగా ఉన్న సాంబయ్య మూరకి సరిగ్గా మూడు వెదురు పుల్లలు కోసి తలా ఒకటి ఇచ్చింది. వాళ్ళు తలూపారు, మిగతా ఇద్దరూ నేసింది విప్పుకుని, ముగ్గురూ మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఒక్క చార తప్పలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదే చిన్నీ. అంత పోగు లెక్క ఎవరివల్ల అవుతుంది, అలాంటి నెమ్మది మనుషుల వల్లే అవుతుంది. కానీ ఇంటింటికీ మాట మోసే గుణం వాళ్ళలో లేదు. అది మంగాయిలో ఉంది. అప్పటిదాకా దాన్ని తెగులనుకున్నారు.

శనివారం వచ్చింది. బండీ వచ్చింది. మాటంటే మాటే కదా, మంగాయి తన బట్టలు మూట కట్టుకుని తనే బయటికొచ్చింది. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, ఉండిపోవే అనలేదు. రత్తమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. ఎప్పుడూ అనని మాట ఒక్కసారిగా ఎక్కణ్ణించి వస్తుంది? మంగాయికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బండి చక్రం మీద కాలు పెట్టింది.

అప్పుడు భావన్న వచ్చాడు. ఎడ్ల ముందు అడ్డంగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారికి మాట వచ్చింది.

"ఇవాళ సాంబయ్య ఇంట్లో ఏం కూరే?"

మంగాయి ఆయన మొహంలోకి చూసింది. కాలు కిందికి దించింది. "ఏం కూరంటే తాతా..." అని మొదలుపెట్టింది. అది చెప్తూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. బండి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఇద్దరూ చూడలేదు.

కథ కదిలి కంచి దాకా పోయింది,
కబురు కదిలి ఇంటింటికీ పోయింది,
కునుకు కదిలి నీ కంటికే వచ్చింది,
మనం మన ఇంట్లోనే ఉన్నాం, పడుకో తల్లీ.